షాబ్లీ తెల్ల వైన్: నేల, చలి, పేరు

ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు ఉత్తరపు కొసన, పారిస్‌కు ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరంలో, సెరెన్ అనే చిన్న నది ఒడ్డున షాబ్లీ పట్టణం ఉంది. అక్కడ తయారయ్యే తెల్ల వైన్‌కు కూడా అదే పేరు. దీనికి వాడేది షార్డనే అనే ఒకే ఒక ద్రాక్షరకం. ఆ రకాన్ని నేడు అనేక దేశాలు పండిస్తున్నాయి. అయినా తీక్షణమైన పులుపు, చెక్క వాసన సోకని స్వచ్ఛత, తడిసిన రాతిని తలపించే రుచి షాబ్లీకే ప్రత్యేకమని రసజ్ఞులు భావిస్తారు. ఈ ప్రత్యేకతకు మూలం నేలా, వాతావరణమా అన్న ప్రశ్న రుచి చర్చకే పరిమితం కాలేదు. ఏ తోటకు ఆ పేరు దక్కాలన్న వివాదానికి కూడా అదే కేంద్రమైంది.

ఈ లోయ వాలుల కింద ఉన్నది సుమారు 15 కోట్ల సంవత్సరాల నాటి సముద్రపు అడుగు. సున్నపురాయి, సున్నపు బంకమన్ను పొరలుగా పేరుకున్న ఆ నిక్షేపాన్ని కిమ్మెరిడ్జియన్ అంటారు. ఇంగ్లండ్ తీరంలోని కిమ్మెరిడ్జ్ గ్రామం పేరే దీనికి ఆధారం. తోటలో నడిచేవారి కాళ్ళకు చిన్నచిన్న ఆల్చిప్పల శిలాజాలు తగులుతుంటాయి. పైనున్న పీఠభూమి మీద మాత్రం మరింత గట్టి పోర్ట్‌లాండియన్ సున్నపురాయి కనిపిస్తుంది. పట్టణానికి ఎదురుగా, నైరుతి దిక్కుకు తిరిగిన ఒకే కొండవాలుపై సుమారు 100 హెక్టార్లలో గ్రాండ్ క్రూ అనే అత్యున్నత శ్రేణికి చెందిన ఏడు తోటలున్నాయి. 1938లో షాబ్లీ పేరుకు చట్టరక్షణ లభించింది. దిగువ శ్రేణి అయిన పెటీ షాబ్లీ 1944లో ఏర్పడింది.

ఫిలాక్సెరా పురుగు, రైలుమార్గాల ద్వారా వచ్చిన దక్షిణ ప్రాంతపు చవక వైన్, వరుస మంచుదెబ్బల మూలంగా 1950ల నాటికి ఇక్కడి సాగు సుమారు 500 హెక్టార్లకు కుంచించుకుపోయింది. తరువాత సాగు తిరిగి పుంజుకున్నప్పుడు ఉత్పత్తిదారులు రెండు వర్గాలుగా చీలారు. కిమ్మెరిడ్జియన్ నేల లేనిదే షాబ్లీ లేదన్నది ఒక వాదం. వాలు, ఎండ తగిలే దిశ, స్థానిక వాతావరణం కూడా అంతే ముఖ్యమన్నది రెండవది. 1970ల చివరికి రెండవ వాదానిదే పైచేయి అయింది. నేడు సాగు 5,000 హెక్టార్లు దాటింది.

విజ్ఞానశాస్త్రం ఈ రెండు వర్గాలకూ పూర్తిగా అనుకూలం కాదు. శిలలోని ఖనిజాలు నేరుగా వైన్ రుచిగా మారవని భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ వాదించారు. వేళ్ళు గ్రహించేది నీటిలో కరిగిన అయాన్లను మాత్రమే. వాటి పరిమాణం నాలుకకు తెలియనంత స్వల్పం. కాబట్టి ‘రాతి రుచి’ని రూపకంగా గ్రహించడమే సమంజసం. అయితే నేల అప్రధానమని దీని అర్థం కాదు. అదనపు నీటిని వదిలించి, అవసరమైనంత తేమను నిలిపి, కాయ పక్వమయ్యే వేగాన్ని అది నియంత్రిస్తుంది. చల్లని రాత్రులు కాయలోని మాలిక్ ఆమ్లాన్ని కాపాడతాయి. షాబ్లీ పులుపుకు ప్రధాన కారణం ఈ చలే.

ఆ చలే పంటకు గండం కూడా. 2016, 2017, 2021 సంవత్సరాల్లో ఏప్రిల్ మంచు లేతచిగుళ్ళను మాడ్చివేసింది. రైతులు తోటల్లో పారఫిన్ దీపాలు వెలిగిస్తారు, లేదా రాత్రంతా నీటిని చిలకరిస్తారు. ఈ రెండవ పద్ధతి మొదట వింతగా తోస్తుంది. ఒక గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 334 జౌళ్ళ గుప్తోష్ణాన్ని విడుదల చేస్తుంది. ఆ వేడి వల్ల మంచుపొరలోని చిగురు సున్నా డిగ్రీల సమీపంలోనే నిలుస్తుంది. మంచు కరిగేవరకు చిలకరింపు ఆగరాదు. మధ్యలో ఆగితే బాష్పీభవనం వల్ల చిగురు మరింత చల్లబడి నష్టం పెరుగుతుంది. వెచ్చని మార్చి చిగుళ్ళను ముందే విప్పుతుంది గనుక భూతాపం పెరిగినా ఈ ముప్పు తగ్గడం లేదు.

కోసిన కాయలను వెంటనే పిండి, రసాన్ని తేర్చి, ఈస్ట్‌తో చక్కెర దాదాపు మిగలనంతవరకు కిణ్వనం చేస్తారు. తరువాత బాక్టీరియా ఘాటైన మాలిక్ ఆమ్లాన్ని మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. అధికశాతం వైన్ స్టీలు తొట్టెల్లోనే ఈస్ట్ మడ్డిపై పరిపక్వమవుతుంది. కొందరు పాత ఓక్ పీపాలు వాడతారు. కొత్త పీపా ఇచ్చే వెనిల్లా వాసన ఈ వైన్‌కు నప్పదనే అభిప్రాయం బలంగా ఉంది.

సాధారణ షాబ్లీని కొన్నేళ్ళలోనే తాగుతారు. గ్రాండ్ క్రూ పదేళ్ళకు పైగా నిలిచి తేనె, గింజల పరిమళాలను సంతరించుకుంటుంది. 10 నుంచి 12 డిగ్రీల వద్ద అందించడం ఉచితం. అంతకన్నా చల్లబరిస్తే సువాసన అణగిపోతుంది. ఆల్చిప్ప మాంసంతో దీన్ని వడ్డించే ఆచారాన్ని శిలాజాలతో ముడిపెట్టే కథ అందమైనదే గాని, అసలు పని చేసేది నిమ్మరసం వంటి ఆ పులుపే.

పేరు వివాదం ఫ్రాన్స్‌తో ముగియలేదు. ప్రాంతానికే చెందిన పేరును రక్షించే ఈ చట్టసూత్రమే భౌగోళిక సూచికలకు పూర్వరూపం. 2017లో బంగినపల్లి మామిడి పొందిన గుర్తింపు ఆ కోవలోనిదే. అమెరికాలో మాత్రం షార్డనే లేని చవక తెల్ల వైన్ కూడా చిరకాలం ‘షాబ్లీ’గా అమ్ముడైంది. ఐరోపా సమాఖ్యతో 2006లో కుదిరిన ఒప్పందం కొత్త వాడకాన్ని నిరోధించినా, అప్పటికే ఆ పేరు వాడుతున్న ముద్రలకు మినహాయింపు ఇచ్చింది.