ప్రశ్న అడుగు నేర్పు

ప్రశ్నకు ఉత్తరము చెప్పుట కష్టమని లోకము తలచును. తగిన ప్రశ్న అడుగుట అంతకంటె కష్టము. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయు ఉద్యోగమునకు అభ్యర్థులను ఎన్నుకొనునపుడు ఈ సంగతి స్పష్టముగా తెలియును. నేడు తెలుగునాట అనేక కుటుంబములలో కుమారుడో కుమార్తెయో ఇట్టి ఇంటర్వ్యూకు పోవుచునే యున్నారు. గంటసేపటి సంభాషణతో వారి జీవనోపాధి నిర్ణయమగును. కనుక అడుగువారి బాధ్యత ఎట్టిదో మనము కొంత విచారింతము.

మొదట అడుగదగని ప్రశ్నలను చూతము. ఒక విమానములో ఎన్ని గోల్ఫు బంతులు పట్టునని అడుగు వాడుక కొన్ని సంస్థలలో ఉండెడిది. గూగుల్ సంస్థలో సిబ్బంది వ్యవహారములు చూచుచుండిన లాస్లో బాక్, ఇట్టి చిక్కుప్రశ్నలు కాలహరణమేయనియు, అడుగువారికి తాము తెలివిగలవారమను తృప్తి నిచ్చుటయే వాటి ఫలమనియు 2013లో బహిరంగముగా చెప్పెను. అరుదైన ఆజ్ఞల పేర్లు కంఠస్థముగా వచ్చునా అని అడుగుటయు ఇట్టిదే. పుస్తకము తెరచినంతనే దొరకు విషయమునకు పరీక్ష యేల?

మంచి ప్రశ్న చిన్నదిగా మొదలై లోతునకు పోవును. "అకారాది క్రమముననున్న పట్టికలో ఒక మాటను ఎట్లు వెదకుదురు?" అను ప్రశ్నను తీసికొందము. శబ్దరత్నాకరము చూచువారెవ్వరును మొదటి పుటనుండి చదువరు. నడుమకు తెరచి, కావలసిన మాట ముందున్నదో వెనుకనున్నదో కనుగొని, అక్కరలేని సగమును విడిచెదరు. మిగిలిన సగములో మరల నడుమకు పోవుదురు. ఇట్లు చేసినచో పది లక్షల మాటలున్నను ఇరువది చూపులలో పని ముగియును. దీనినే బైనరీ సెర్చి అందురు.

అభ్యర్థి ఈ ప్రోగ్రాము వ్రాసిన పిమ్మటనే అసలు పరీక్ష ఆరంభమగును. వెదకు మాట పట్టికలో లేనిచో ఏమగును? పట్టిక శూన్యమైనచో? ఒకే మాట రెండు చోట్ల నున్నచో ఏది చూపవలెను? పట్టిక క్రమములో లేనిచో, ఒక్కసారి వెదకుటకై క్రమపరచుట లాభమా? లాభము కాదు; మొదటినుండి చివరివరకు ఒకమారు చూచుటయే తక్కువ శ్రమ. పలుమారులు వెదకవలసినపుడు మాత్రమే క్రమపరచుట ఫలించును. ఇట్టి ఉపప్రశ్నల వలన జ్ఞాపకశక్తి కాక ఆలోచనాక్రమము బయటపడును.

ఈ చిన్న పనిలో నిపుణులును పొరబడిరి. జావా భాషకై తాను వ్రాసిన ఈ శోధనలో సుమారు తొమ్మిదేండ్లుగా దాగియున్న దోషమును జోషువా బ్లాక్ 2006లో వెల్లడించెను. పట్టిక రెండు కొసల సంఖ్యలను కూడి సగము చేయునపుడు, ఆ మొత్తము 2,14,74,83,647ను మించినచో యంత్రము దానిని ఋణసంఖ్యగా గ్రహించును. కావున ఈ మర్మమును స్వయముగా పట్టలేదని అభ్యర్థిని త్రోసివేయుట న్యాయము కాదు. సూచన నిచ్చిన పిదప దానిని ఎట్లు సవరించునో చూచుట న్యాయము.

ప్రశ్న యెట్టిదైనను దానిని అడుగు తీరును ముఖ్యమే. 2020లో నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయము, మైక్రోసాఫ్ట్ సంస్థ పరిశోధకులు 48 మంది విద్యార్థులను పరీక్షించిరి. పరిశీలకుని యెదుట బోర్డుపై వ్రాసినవారి ఫలితము, ఏకాంతమున వ్రాసినవారి ఫలితములో సగమునకంటె తక్కువయ్యెను. బెదురును అజ్ఞానమని భ్రమించినచో సమర్థుడు ఉద్యోగమును, సంస్థ సమర్థుని కోల్పోవుదురు. కనుక కాగితమిచ్చి కొంతసేపు ఒంటరిగా విడిచి, పిమ్మట సంభాషించుట మేలు.

అందరిని ఒకే ప్రశ్నలడిగి, ఏ ఉత్తరమునకు ఎన్ని మార్కులో ముందుగానే వ్రాసికొనవలెను. ఇట్లు క్రమబద్ధముగా జరుపు ఇంటర్వ్యూయే భావి పనితనమును తక్కిన పద్ధతులకంటె బాగుగా సూచించునని పాల్ సాకెట్ ప్రభృతులు 2022లో పూర్వ పరిశోధనలను తిరిగి లెక్కించి తేల్చిరి. ఆ నియమము లేనిచో మాటతీరు, ఆంగ్లోచ్చారణ, చదివిన కళాశాల పేరు తెలియకుండగనే తక్కెడలో చేరును. చిన్న ఊరినుండి వచ్చిన అభ్యర్థికి కావలసినది దయ కాదు, సమానమైన తూనిక.