చీకటి గది విద్య – యువతరానికి వారసత్వం

ఛాయాచిత్రకళ మన దేశంలో ప్రవేశించి నూట ఎనభై సంవత్సరాలు దాటింది. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసు నగరాలలోను ఫోటోగ్రఫీ సంఘాలు వెలిశాయి. డిజిటల్ కెమెరాలు రాకపూర్వం ఛాయాచిత్రానికి చీకటి గదే పుట్టినిల్లు. నేడు ఆ గదులు చాలావరకు మూతపడినవి. వాటితోపాటు ఆ విద్యను కూడా పోగొట్టుకోవలసిందేనా అన్నది ఆలోచించదగిన విషయం.

ఈ విద్యకు ఆధారం వెండి. ఫిల్ము మీదను, బ్రోమైడు కాగితం మీదను జెలటిన్ పొరలో వెండి లవణాల రేణువులుంటాయి. వెలుగు సోకిన రేణువులను డెవలపరు ద్రావణం నల్లని వెండిగా మారుస్తుంది. మిగిలిన లవణాలను హైపో, అనగా సోడియం థయోసల్ఫేటు, కరిగించివేస్తుంది. అటుపిమ్మట నీటిలో బాగుగా కడిగి ఆరవేస్తారు. బ్రోమైడు కాగితాన్ని ఎర్రదీపం కాంతి చెరచదు. కనుక దానిమీద బొమ్మ మెల్లగా తేలిరావడాన్ని కంటితో చూడవచ్చు. ఫిల్మును మాత్రం కటిక చీకటిలో, వేళ్ళనే కళ్ళుగా చేసుకొని, డబ్బాలోనికి ఎక్కించాలి.

సూత్రాలు పుస్తకాలలో ఉన్నవి. నేర్పు మాత్రం గురువు చెంతనే అలవడుతుంది. డెవలపరుకు 20 డిగ్రీల సెల్సియస్ వేడిమిని ప్రమాణంగా చెబుతారు. మన వేసవిలో కుళాయి నీరే అంతకంటె వేడిగా ఉంటుంది. ద్రావణం వేడెక్కితే బొమ్మ త్వరగా నల్లబడుతుంది. జెలటిన్ పొర మెత్తబడే ప్రమాదమూ కలదు. పళ్ళెం చుట్టూ మంచుముక్కలు పేర్చడం, వ్యవధిని తగ్గించడం, ఎన్‌లార్జరు వెలుగుకు చేయి అడ్డుపెట్టి ముఖంలోని నీడలను పలుచన చేయడం చూచి నేర్వవలసిన పనులు.

ఈ నేర్పుతో నేటికీ పని ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజుపలక నెగటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సంరక్షణలో ఉన్నవి. పాత స్టూడియోల అటకలమీద పడి ఉన్న నెగటివులకు ఆ భాగ్యం లేదు. కంప్యూటరు వాటి ప్రతిని తీయగలదు. కాని నెగటివు పాడగుటకు కారణం హైపో సరిగా కడగకపోవడమా, తేమ తగలడమా అని పోల్చుకొని కాపాడటానికి చీకటి గది అనుభవం ఎంతో తోడ్పడుతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. 1960లో ఉదకమండలంలో నెలకొల్పిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌లో ఉత్పత్తి నిలిచిపోయింది. దిగుమతి సరుకు ఖరీదైనది. అయినా ఆరంభానికి కెమెరా సైతం అక్కరలేదు. చీకటి చేసిన గది, ఎర్రదీపం, మూడు పళ్ళేలు, కొద్దిపాటి కాగితం చాలును. కాగితంపై ఒక ఆకు నుంచి క్షణకాలం తెల్లని వెలుగు ప్రసరింపజేసి, డెవలపరులో వేస్తే, నల్లని నేలపై ఆకు రూపం తెల్లగా వెలుస్తుంది. ద్రావణాలను పట్టుకారుతో వాడాలి. గదిలో గాలి ఆడాలి. వెండి కలిసిన హైపోను కాలువలో పారబోయరాదు.

ఈ పని తెలిసిన పెద్దలు అనేక పట్టణాలలో ఇంకా ఉన్నారు. వారిని పాఠశాలలు, కళాశాలలు ఇప్పుడే ఆహ్వానించగలిగితే ఈ విద్య మరొక తరం చేతికి అందుతుంది.