చెవికి రోజుకెంత?

గంటసేపు డీజే ముందు నిలబడితే చెవిలోకి చేరే శక్తి ఒక గ్రాము నీటిని గోరువెచ్చగా చేయడానికైనా చాలదు. వినికిడిని దెబ్బతీయడానికి మాత్రం సరిపోతుంది. ఆ లెక్కే ఈవారం ముఖచిత్ర కథనం.

బరాత్‌లో డీజే బండి దగ్గరికి రాగానే నాన్న భుజాలమీదున్న పిల్లాడు రెండు చెవులూ మూసుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు, ‘ఏం కాదులేరా’ అంటూ చేతులు లాగేస్తారు. ఆ చేతుల్ని అలాగే ఉండనివ్వాలి. ఎందుకో లెక్క వేస్తేనే తెలుస్తుంది.

పదికి పది రెట్లు

ఒక చదరపు మీటరు మేర గుండా సెకనుకు ఎంత ధ్వనిశక్తి సాగుతోందో అదే ధ్వని తీవ్రత. ఆరోగ్యవంతమైన చెవి పసిగట్టగల అతి సన్నని చప్పుడు తీవ్రత చదరపు మీటరుకు ఒక వాట్‌లో లక్ష కోట్ల వంతు. దాన్నే సున్నా డెసిబెల్ అనుకున్నారు. అక్కడి నుంచి ప్రతి 10 డెసిబెల్స్‌కూ తీవ్రత 10 రెట్లవుతుంది, ప్రతి 3 డెసిబెల్స్‌కూ దాదాపు రెట్టింపవుతుంది.

మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్స్. డీజే దగ్గర 100 దాటడం మామూలే. 60కీ 100కీ మధ్య తేడా చూడ్డానికి 40 మాత్రమే, తీవ్రతలో మాత్రం పదివేల రెట్లు. చాలామంది పొరబడేది ఇక్కడే.

చెవిలో పడేది

100 డెసిబెల్స్ అంటే చదరపు మీటరుకు వాట్‌లో వందో వంతు. కర్ణభేరి వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. ఈ రెంటినీ గుణిస్తే కర్ణభేరి మీద పడేది 0.00000055 వాట్లు. గంటకు 3,600 సెకన్లు కాబట్టి ఆ గంటలో చేరేది దాదాపు 2 మిల్లీజౌళ్లు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే 4.2 జౌళ్లు కావాలి. ఆ లెక్కన డీజే రాత్రీ పగలూ దాదాపు 88 రోజులు మోగాలి!

ఇంత స్వల్ప శక్తికి అంత హాని ఎలా జరుగుతుంది? చెవి నిర్మాణమే అంత సున్నితం. అతి సన్నని చప్పుడుకు కర్ణభేరి కదిలే దూరం హైడ్రోజన్ పరమాణువు వ్యాసం కన్నా తక్కువ. లోపల కాక్లియాలో ద్రవం ఊగితే సుమారు 15 వేల రోమకణాలు ఆ కదలికను నాడీ సంకేతాలుగా మారుస్తాయి. పెనుశబ్దానికి వాటి కొసలు వంగిపోతాయి, విరిగిపోతాయి. ఫంక్షన్ నుంచి ఇంటికొచ్చాక చెవుల్లో ‘గుయ్’ మంటుందే, అది ఆ కణాలు అలసిపోయాయనడానికి గుర్తు. కొన్ని కోలుకుంటాయి. చనిపోయినవి మనుషుల్లో మళ్లీ పుట్టవు. ముందు దెబ్బతినేవి హెచ్చు పౌనఃపున్యాలను పట్టే కణాలు. అందుకే ‘స’, ‘ష’ లాంటి ధ్వనులు మసకబారతాయి. అవతలివాళ్లు మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది, ఏమన్నారో అర్థం కాదు.

రోజు కోటా అర మిల్లీజౌల్

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫార్సు ప్రకారం పనిచోట 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు మించి ఉండకూడదు. ఆ పైన 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వ్యవధి సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100 అయితే 15 నిమిషాలే. పై పద్ధతిలోనే లెక్కగడితే 85 దగ్గర 8 గంటలకూ, 100 దగ్గర 15 నిమిషాలకూ కర్ణభేరికి చేరే శక్తి ఒక్కటే... సుమారు అర మిల్లీజౌల్. పెద్ద శబ్దమా, ఎక్కువసేపా అన్నది కాదు, రెండూ కలిసి ఎంత శక్తిని మోసుకొచ్చాయన్నదే ముఖ్యం. గంట బరాత్‌లో నాలుగు రోజుల కోటా తీరిపోతుంది. శబ్దం 110 అయితే ఒక రోజు కోటాకు నిమిషంన్నర చాలు.

చట్టం ఉంది, పాటించాలి

మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదంటున్నాయి. 100 డెసిబెల్స్ ఆ పగటి పరిమితికి తీవ్రతలో 30 వేల రెట్ల పైమాటే. హైదరాబాద్ పోలీసులు 2024లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అయితే ప్రతి వీధిలోనూ పోలీసు నిలబడలేడు. మిగతాది మన చేతుల్లోనే ఉంది.

ఆరుబయట దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. ఇరుకు వీధుల్లో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి అంతగా తగ్గదు. 20 డెసిబెల్స్ తగ్గించే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే చెవికి చేరేది నూరో వంతే.

మీ ఇంట్లో పెళ్లి కుదిరిందా? డీజేకి అడ్వాన్సు ఇచ్చేరోజే రేటుతోపాటు సౌండు ఎంతలో ఉండాలో కూడా మాట్లాడుకోండి. పిల్లల్ని స్పీకర్లకు దూరంగా నడిపించండి. వినాయక మండపం కమిటీలో ఉంటే ఈ లెక్కను నలుగురికీ చెప్పండి. వేడుక ఏటా వస్తుంది, పోయిన వినికిడి తిరిగిరాదు.