మదర్‌వెల్ పురమువారి విజయవత్సరము

బంతియాట ముచ్చట మనకేలయని కొందరు ఈ పుటను త్రిప్పివేయుదురేమో. నేను వ్రాయబూనినది ఆటనుగూర్చియే యైనను, పనిపోయిన యిండ్లనుగూర్చియు నిందు కొంత గలదు.

స్కాట్లండు దేశమున లానార్క్‌షైరు మండలమందు మదర్‌వెల్ అను పట్టణము కలదు. ఆ కాలమున ఉక్కు కొలుములే దానికి జీవనాధారము. 1929 పిదప లోకమంతటను వర్తకము కుంటువడగా ఆ ప్రాంతమున వేలకొలది పురుషులకు పని లేకపోయెను. 1931లో ప్రభుత్వమువారు నిరుద్యోగభృతిని నూటికి పదివంతున తగ్గించిరి. అది చాలదన్నట్లు ఇంటిల్లిపాది రాబడిని విచారించు పరీక్ష యొకటి పెట్టిరి. కొడుకో కూతురో నాలుగు కాసులు గడించినచో తండ్రికి వచ్చు భృతి తగ్గును. పరాయి యుద్యోగి గడప దాటి వచ్చి ఇంటి గుట్టెల్ల అడిగి పోవును. లేమిని నలుగురి కంట బడనీయక సంసారము నీదు ఇల్లాలికి అంతకంటె తలవంపు వేరొండు గలదా?

ఆ పట్టణపు ఫుట్‌బాల్ జట్టు 1886లో ఏర్పడినది. లీగు పట్టము మాత్రము గ్లాస్గో నగరపు రేంజర్స్, సెల్టిక్ జట్లకు పుట్టింటి సొమ్మువలె నుండెను. 1905 మొదలు 1931 వరకు ఇరువదియేడేండ్లు అది మూడవవారికి దక్కలేదు.

1931 ఏప్రిలులో స్కాటిష్ కప్పు తుదియాట జరిగెను. మదర్‌వెల్‌వారు సెల్టిక్‌పై రెండు గోలుల ఆధిక్యమున నుండిరి. కొలది నిమిషములే మిగిలియుండగా సెల్టిక్‌వారొకటి కొట్టిరి. కడపటి క్షణమున, వచ్చు బంతిని తలతో తప్పింపబోయిన అలన్ క్రెయిగ్ దానిని తమ గోలులోనికే పంపెను! మరల జరిగిన ఆటలో మదర్‌వెల్ 4-2గా నోడిపోయెను.

అధికారి జాన్ హంటర్ 1911నుండి ఆ జట్టును తీర్చుచున్నవాడు. ఆయన క్రెయిగ్‌ను తొలగింపలేదు. మరుసటి యేడును జట్టు నడుమ అతడే నిలిచెను. ఈ యొక్క పనికే నేనాయనను మెచ్చుకొందును. ఎడమవైపున స్టీవెన్‌సన్, ఫెరియర్ అనువారు నకులసహదేవులవలె కూడియాడుచుండిరి. ఫెరియర్ ఎంత నేర్పరియైనను స్కాట్లండు జాతీయజట్టున ఆడ నోచుకొనలేదు. ఇంగ్లండులోని షెఫీల్డున జన్మించుటయే కారణము. తల్లి పురుడు పొరుగుదేశమున జరుగుటకు బిడ్డ ఏమి చేయును?

1931–32 లీగులో 38 ఆటలకు 30 గెలిచి, 6 సరిసమానము చేసి, రెండింట మాత్రమే ఓడిరి. కొట్టిన గోలులు 119. వానిలో విల్లీ మెక్‌ఫాడియెన్ ఒక్కడే 52 కొట్టెను. స్కాట్లండు ప్రథమశ్రేణి లీగులో ఒక యేట అన్ని గోలులు కొట్టినవాడు నేటివరకు మరియొకడు లేడు. వరుసగా అయిదేండ్లు గెలిచిన రేంజర్స్ 61 పాయింట్లతో వెనుకబడగా, మదర్‌వెల్ 66 పాయింట్లతో పట్టము గొనెను.

గెలుపువలన కొలుములు రాజుకొనలేదు, భృతియు పెరుగలేదు. పిదప రెండేండ్లును ఆ జట్టునకు ద్వితీయస్థానమే లభించెను. ఆ క్లబ్బువారికి నేటికిని లీగు పట్టము అదొక్కటియే.