మీకు తెలుసా? భయమేస్తే భయమనే అనాలట!

ఇంజెక్షన్ అంటే వణికే పిల్లాడికైనా, ఇంటర్వ్యూకి బయలుదేరిన పెద్దవాడికైనా మన ఇళ్ళలో దొరికే మందు ఒకటే: "ఏం కాదులే!" ఈ మందు ఎంతవరకు పనిచేస్తుందో తేల్చడానికి ఒక సాలీడు సాయపడింది. సాలీళ్ళంటే హడలిపోయే 88 మందిని లాస్ ఏంజలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు బతికున్న టరాంటులా ముందు కూర్చోబెట్టారు. కొందరిని "ఇంత చిన్న సాలీడు నన్నేం చేస్తుంది" అన్న ధోరణిలో తమకు తాము సర్దిచెప్పుకోమన్నారు. కొందరిని దాని ఊసెత్తకుండా సంబంధం లేని కబురేదో చెప్పమన్నారు. కొందరిని నోరు మెదపకుండా చూస్తూ ఉండమన్నారు. మిగిలిన జట్టు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి: ఎదురుగా వికారమైన సాలీడు ఉంది, నాకు భయం వేస్తోంది, అని.

వారం తర్వాత అందరినీ మళ్ళీ సాలీడు దగ్గరికి తీసుకెళ్ళారు. చర్మం మీద చెమటను కొలిచే పరికరం ఎవరి విషయంలో తక్కువ చూపించిందో తెలుసా? భయమేస్తోందని బాహాటంగా చెప్పినవాళ్ళకే. వాళ్ళలోనూ భయం, ఆందోళన అన్న మాటలు ఎక్కువగా వాడినవాళ్ళకు ఎక్కువ మేలు జరిగింది. 2012లో అచ్చయిన ఈ ప్రయోగంలో తమాషా మరొకటుంది. "ఎంత భయంగా ఉంది?" అని అడిగితే అన్ని జట్ల జవాబూ ఇంచుమించు ఒకటే! భయం ఉంది, ఒళ్ళు మాత్రం మునుపటంత ఉలిక్కిపడలేదు. లోపల జరిగేదాన్ని ఇలా ఉన్నదున్నట్టు గమనించడమే మైండ్‌ఫుల్‌నెస్. ఆ మాట వినగానే మనసు మంచుగడ్డలా చల్లబడిపోతుందని ఆశపడేవాళ్ళు ఈ ఒక్క ఫలితాన్ని గుర్తుంచుకుంటే చాలు. ఆందోళన రాకుండా ఆపడం దాని పని కానే కాదు. వచ్చాక మనం ఏం చేస్తామన్నదే దాని పాఠం. (టరాంటులాకు ఎలా అనిపించిందో ఎవరూ అడిగినట్టు లేదు.)

భయానికి పేరు పెడితే ఒళ్ళు ఎందుకు నెమ్మదిస్తుందో 2007లోనే అదే విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌లో చూసింది. కోపంగానో భయంగానో ఉన్న ముఖాల ఫొటోలు చూపించి, ఆ భావానికి తగిన మాటను ఎంచుకోమన్నారు. ఆ పని చేస్తున్నప్పుడు ప్రమాదాన్ని పసిగట్టడంలో ముందుండే అమిగ్డలా నెమ్మదించి, నుదుటి వెనుక కుడివైపు భాగం చురుకైంది. అదే ముఖానికి మనిషి పేరు ఎంచుకోమంటే ఆ ఫలితం రాలేదు. పేరు పెట్టాల్సింది భావానికి.

అణచుకుంటే సరిపోదా? కోతిని తలచుకోకుండా మందు తాగమన్న సంగతి మనవాళ్ళకు కొత్త కాదు. 1987లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్ అమెరికాలో కోతి బదులు తెల్ల ఎలుగుబంటిని పెట్టి దాన్నే పరీక్షించాడు. అయిదు నిమిషాలు దాన్ని తలచుకోవద్దు, తలపుకొస్తే గంట కొట్టాలి. సగటున నిమిషానికి ఒకసారికి పైగానే గుర్తొచ్చింది. ఆ తర్వాత "ఇక తలచుకోవచ్చు" అనగానే, మొదటినుంచీ తలచుకోమన్న వాళ్ళకంటే వీళ్ళకే ఎక్కువసార్లు గుర్తొచ్చింది.

భావాన్ని అణచకుండా గమనించమనే ఈ మైండ్‌ఫుల్‌నెస్ ఆసుపత్రి మెట్లెక్కింది 1979లో. మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన శిక్షణకు మందులతో తగ్గని నొప్పులున్న రోగులు వచ్చేవారు. తొలి పాఠం ఎండుద్రాక్ష: ఒక్క పండును చూసి, తడిమి, వాసన చూసి, తీరిగ్గా నమలడం. దీని మూలాలు బౌద్ధ ధ్యానంలో ఉన్నాయి. అదే చెట్టుకు మరో కొమ్మ విపశ్యన. ఆ ధ్యానాన్ని నేర్పిన గోయెంకా సంప్రదాయంలోని తొలి కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్ శివార్లలో, నాగార్జునసాగర్ రోడ్డు వైపు, అంతకు మూడేళ్ళ ముందే వెలిసింది.

సరే, మాత్రతో పోటీ పెడితే? పెట్టారు కూడా. ఆందోళన రుగ్మతలున్న 276 మందిలో సగం మందికి ఈ శిక్షణ, మిగతావాళ్ళకు ఎస్సిటలోప్రామ్ అనే మాత్ర ఇచ్చి పోల్చిన ఫలితాలు 2022లో వచ్చాయి. ఎనిమిది వారాల తర్వాత ధ్యానం మందుకు తీసిపోలేదు. ఈ వార్తను "మాత్రలు అక్కర్లేదు" అని చాటింపు వేసినవాళ్ళు చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటుంది. శిక్షణలో ఉన్నవాళ్ళు వారానికో రెండున్నర గంటల క్లాసుకు వెళ్ళారు, ఇంట్లో రోజూ 45 నిమిషాలు సాధన చేయాల్సి వచ్చింది. పైగా ఒక రోజంతా సాగే శిబిరం. అయిదు నిమిషాల యాప్‌కు ఈ ఫలితాన్ని అంటగట్టడం నా దృష్టిలో వ్యాపారమే. వాడుతున్న మందును డాక్టరును అడగకుండా ఆపేయడం మరీ ప్రమాదం.

ఇంట్లో చేసి చూడాలంటే ముందు చిన్నవాటితో మొదలుపెట్టవచ్చు. ఫ్యామిలీ గ్రూపులో బావగారి మెసేజ్ చూసి వేళ్ళు జవాబు మీదికి ఉరుకుతుంటే ఫోన్ పక్కన పెట్టి, "ఇది కోపం, దవడ బిగుసుకుంది, చెవులు వేడెక్కాయి" అని లోపల అనుకోండి. జవాబు పది నిమిషాల తర్వాతైనా పంపవచ్చు. బావగారు ఎక్కడికీ పోరు.

అందరికీ ఇది పడుతుందనీ లేదు. గతంలో మనసుకు పెద్ద దెబ్బ తగిలినవాళ్ళకు, పానిక్ అటాక్‌లు వచ్చేవాళ్ళకు కళ్ళు మూసుకుని ఊపిరి మీద దృష్టి పెడితే ఒక్కోసారి గుండెదడ ఇంకా పెరుగుతుంది. అలాంటప్పుడు కళ్ళు తెరిచి, నేలకు ఆనిన పాదాల మీదో గదిలో వినిపించే చప్పుళ్ళ మీదో ధ్యాస ఉంచవచ్చు. అప్పటికీ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416. కాల్ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.