పాత పికప్ వెనక అద్దానికి పట్టే చెమట

చలికాలం వచ్చిందంటే బ్రిటన్‌లో పొద్దున్నే బయలుదేరే మనందరికీ మొదటి పని బండి అద్దాలతో కుస్తీ. డిసెంబరు చివర్లో లండన్‌లో సూర్యోదయమే ఎనిమిది దాటాక. పిల్లలు బడికి నడిచి వెళ్ళే వేళకి ఇంకా మసక వెలుతురే. ముందు అద్దం తుడవనిదే ఎవరూ బండి కదిలించరు. వెనక అద్దాన్ని మాత్రం "దార్లో అదే పోతుందిలే" అని వదిలేస్తాం. కానీ ఇంటి ముందు నుంచి బండి వెనక్కి తీసేటప్పుడు, పేవ్‌మెంట్ మీద స్కూటర్ తోసుకుంటూ వచ్చే పసివాడు కనబడాల్సింది ఆ అద్దంలోంచే కదా!

నా దగ్గర ఇరవై ఏళ్ళ నాటి పికప్ ట్రక్కు ఒకటి ఉంది. తోటపనికి, ఇంటి మరమ్మతు సామానుకి, మన సంఘం పండగలకి వంట గిన్నెలు మోయడానికి బాగా పనికొస్తుంది. ఇటువంటి బళ్ళకి వెనక అద్దం సరిగ్గా మన తల వెనకే ఉంటుంది. మన ఊపిరి నేరుగా దానికే తగులుతుంది. ముందు నుంచి వచ్చే వేడిగాలి సీట్లు దాటి అక్కడికి చేరేసరికి చల్లారిపోతుంది. పక్కకి జరిపే రకం అద్దమైతే చాలా పాత బళ్ళలో వేడి తీగలు కూడా ఉండవు.

ఇంతకీ ఈ చెమట ఎందుకు పడుతుంది? వేసవిలో చల్లటి నీళ్ళు పోసిన స్టీలు చెంబు బయట చుక్కలు కట్టడం మనం చిన్నప్పటి నుంచీ చూసిందే. ఇదీ అంతే. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. సున్నా డిగ్రీల దగ్గర సుమారు 5 గ్రాములే. బండిలోని వెచ్చని తడిగాలి చల్లటి అద్దాన్ని తాకగానే, ఎక్కువైన నీరు అద్దం మీద చుక్కలవుతుంది. అంటే అద్దం తుడిస్తే చాలదు. లోపల ఉన్న నీటిని బయటికి పంపాలి.

మొదట నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. కాళ్ళ దగ్గర మ్యాట్లు ఎత్తి కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. పైకి పొడిగా ఉన్నా కింద స్పాంజి తడిసి ఉండొచ్చు. పికప్‌లలో వాన నీరు ఎక్కువగా వెనక అద్దం చుట్టూ ఉండే రబ్బరు దగ్గరా, దాని పైనుండే మూడో బ్రేక్ లైటు దగ్గరా దిగుతుంది. ముందు అద్దం కింద ఆకులు పేరుకుని నీరు పోయే దారి మూసుకుపోయినా లోపలికే వస్తుంది. బండిలో తియ్యటి వాసన వేసి, అద్దం మీద జిడ్డు పొర కడుతుంటే హీటరులోంచి కూలెంట్ కారుతోందని అనుమానించాలి. అది మెకానిక్ చూడవలసిన పని. తడి కోట్లు, గొడుగులు రాత్రంతా బండిలో వదలకండి.

రెండోది గాలి. "బయట వాన పడుతోంది, బయటి గాలి ఎందుకు" అని చాలామంది లోపలి గాలినే తిప్పే బటన్ నొక్కుతారు. ఇది తిరకాసు లెక్క. సున్నా డిగ్రీల గాలి ఎంత తడిదైనా అందులో ఉన్నది 5 గ్రాములే కాబట్టి, వేడి చెయ్యగానే అది పొడిగాలి అవుతుంది. అందుకని బయటి గాలినే తీసుకుని, హీటరుతో పాటు ఏసీ కూడా వెయ్యండి. ఏసీ గాలిలోని నీటిని పిండి బయటకి కార్చేస్తుంది. గడ్డకట్టే చలిలో చాలా బళ్ళలో ఏసీ కంప్రెసర్ పనిచెయ్యదు. అప్పుడు వేడీ, ఫ్యానూ చాలు. కిటికీ ఒక అంగుళం దించితే తడిగాలి ఇంకా త్వరగా పోతుంది. చాలా పికప్‌లలో గాలి బయటికి పోయే రంధ్రాలు సీటు వెనక గోడలో ఉంటాయి. అక్కడ సంచులూ తాళ్ళూ కుక్కితే గాలి కదలదు.

మీ అద్దానికి వేడి తీగలు ఉంటే ఒక చిన్న పరీక్ష. ఆవిరి పట్టినప్పుడు స్విచ్ వేసి చూడండి. ఏ గీత దగ్గర ఆవిరి పోకుండా ఉండిపోతే ఆ తీగ తెగినట్టు. కరెంటు పారే వెండి పెయింట్ విడిభాగాల కొట్లలో దొరుకుతుంది. దానితో అతకవచ్చు. అన్ని గీతలూ చల్లగానే ఉంటే ముందు ఫ్యూజు చూడండి. తుడిచేటప్పుడు గీతల వెంబడి తుడవాలి గాని అడ్డంగా గోకకూడదు.

జిడ్డు అద్దానికి చెమట త్వరగా పట్టి మసక ఎక్కువవుతుంది. గిన్నెలు కడిగే సబ్బు రెండు చుక్కలు నీళ్ళలో కలిపి లోపలి వైపు తుడిచి, పొడిబట్టతో ఆరబెట్టండి. మన అమ్మలు ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేసినట్టే, తడి పీల్చే సిలికా సంచి ఒకటి సీటు వెనక పెట్టి, అప్పుడప్పుడు ఆరబెడితే రాత్రి చెమట కొంత తగ్గుతుంది. మంచు కరగడానికి వేడినీళ్ళు మాత్రం పొయ్యకండి, అద్దం పగిలే ప్రమాదముంది.

ఇక్కడి హైవే కోడ్ కూడా ఇదే చెబుతుంది. బయలుదేరే ముందు కిటికీలన్నిటి మీదా మంచు తీసెయ్యాలి, ఆవిరి పూర్తిగా పోవాలి అంటుంది 229వ నియమం. వెనక్కి తీసేటప్పుడు ముఖ్యంగా వెనక అద్దంలోంచే చూడాలి, పిల్లలున్నారేమో మరీ జాగ్రత్తగా గమనించాలి అంటుంది 202వది. అయితే వీధిలో ఇంజను ఆన్ చేసి, మీరు ఇంట్లోకెళ్ళి కాఫీ తాగుతూ కూర్చోవడం చట్టానికి విరుద్ధం. వీలైతే రాత్రే బండిని వెనక్కి పెట్టి, పొద్దున ముందుకి తియ్యడం అన్నిటికన్నా మంచిది. 201వ నియమం సలహా కూడా అదే.

ఐదు నిమిషాలు ముందు లేవడమే దీనికయ్యే ఖర్చు. అద్దం తేటపడే దాకా గేరు వెయ్యకండి. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి!