పిల్లుల మూత్రపిండ వ్యాధి

వయసు మీరిన పిల్లి పదేపదే నీటి గిన్నె చుట్టూ తిరుగుతుంటే ఎండల వల్లనని సరిపెట్టుకోరాదు. మూత్రపిండాల శక్తిలో మూడింట రెండు వంతులు నశించిన పిదప గాని మూత్రాన్ని చిక్కబరచే సామర్థ్యం తగ్గదు. రక్తంలో క్రియాటినిన్ పెరిగేసరికి దాదాపు నాలుగింట మూడు వంతులు పోయి ఉంటాయి. పైగా మార్జాలం బాధను దాచుకొనే జీవి. 2015లో వాడుకలోకి వచ్చిన ఎస్.డి.ఎం.ఎ. రక్తపరీక్ష ఈ లోపాన్ని కొంత ముందుగా పసిగడుతుంది.

నశించిన నెఫ్రాన్లు తిరిగి పుట్టవు. మిగిలినవాటిని కాపాడటమే నిపుణుడైన పశువైద్యుని పని. వ్యాధిని నాలుగు దశలుగా గుర్తించి, మూత్రంలో పోయే ప్రోటీనును, రక్తపోటును కొలుస్తారు. రక్తపోటును చాలామంది ఉపేక్షిస్తారు. అది హెచ్చితే రెటీనా ఊడి రాత్రికి రాత్రే పిల్లికి చూపు పోవచ్చు. ఇంటి పెద్దలు వాడే ఆమ్లోడిపిన్‌నే, వైద్యుడు నిర్ణయించిన స్వల్ప మోతాదులో, దీనికీ ఇస్తారు.

ఆహారంలో భాస్వరం తగ్గించడం అన్నిటికన్న ముఖ్యం. పెరుగన్నంతో సాకడం ముచ్చటగానే ఉంటుంది గాని, మాంసాహారియైన ఆ జీవికి అది చాలదు. ప్రత్యేకాహారం ముట్టకపోతే పస్తుంచి దారికి తేవాలనుకోవడం మరీ ప్రమాదం: కొద్ది రోజుల నిరాహారానికే కాలేయంలో కొవ్వు పేరుకొంటుంది. పాత తిండిలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయాలి.

ఒంట్లో నీరు తగ్గినప్పుడు చర్మం కింద సెలైన్ ఎక్కించడం ఇంటివారు సైతం నేర్చుకోగలరు. మూత్రపిండ మార్పిడి అమెరికాలో 1980వ దశకం నుండే ఉన్నది. ఖర్చు మాత్రం అపారం. మూత్రపిండమిచ్చిన పిల్లిని కూడా ఆ కుటుంబమే పెంచుకోవాలన్నది అక్కడి కేంద్రాలు పాటించే షరతు.